అమృతరాజు చైను

ఆండర్సన్‌పేట చర్చికి ఆదివారం వచ్చే సైకిళ్లన్నింటికీ తాళం ఒక్కటే, తాళంచెవి ఒక్కటే. రెండూ అమృతరాజువి. ఊళ్లో బంగారు గనులు మూసిన రోజు తక్కినవాళ్లు సర్వీసు కాగితాలు తెచ్చుకుంటే, అతను పాత ఇనుములో పడేసిన చైను అడిగి తెచ్చుకున్నాడు. గనిలో పడిన ఏనుగును పైకి లాగింది ఈ చైనేనని చెప్పేవాడు. ఏనుగు గనిలోకి ఎందుకు దిగిందయ్యా అంటే, కూలికి అనేవాడు.

ఆ చైనును ప్రహరీ కమ్మీల మీదుగా, వరసలోని ప్రతి సైకిలులోంచీ దూర్చి తాళం వేసేవాడు. పూజ అయ్యాక అతని కబుర్లు అయ్యేదాకా ఎవరూ ఇంటికి కదలడానికి లేదు. ఆ కాసేపు అమృతరాజు గని మేనేజరు కంటే పెద్ద దొర.

ఆ రాజ్యంలోకి ఒక ఆదివారం గాడ్విన్ అనే కుర్రాడు కొత్త సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. దానికి బెంగుళూరు నంబరు తాళం, చెవితో పనే లేదు. వరసలో పెట్టక, విడిగా కరెంటు స్తంభానికి కట్టాడు. జనం దాని చుట్టూ మూగారు. అమృతరాజు భార్య సెలీన్ కూడా సీటు నిమిరి, ఎంత మెత్తగా ఉండాదో అంది. ఇన్నేళ్ల కాపురంలో మొగుడి సైకిలుకు సీటుందో లేదో చూడని మనిషి!

ఫాదర్ ప్రసంగం మొదలుపెట్టగానే అమృతరాజు దగ్గు నటిస్తూ బయటికి వచ్చాడు. చూస్తే, గాడ్విన్ ముందుచక్రాన్ని మాత్రమే స్తంభానికి బిగించాడు. రెండు నట్లు విప్పితే చక్రం స్తంభానికి, సైకిలు దొంగకి. ఆ మాట పిలిచి చెబితే పుణ్యమొచ్చేది. చెప్పలేదు. వరసలోంచి తన చైను లాగి, గాడ్విన్ సైకిలు వెనకచక్రం, నడుమ కమ్మీ, స్తంభం మూడూ కలిపి చుట్టి తాళం వేశాడు. వీడు కూడా నా ముందు నిలబడి అడుక్కోవాల్సిందే అనుకున్నాడు.

పూజ ముగిసింది. గాడ్విన్ చైను చూసి కోప్పడలేదు సరికదా, ముఖం వెలిగిపోయింది.

"నేనే అడగాలనుకుంటి అన్నా," అన్నాడు అందరి ముందూ. "ముళబాగిలులో నిశ్చితార్థం ఉండాది, సాయంత్రానికి వస్తాను. నీ చైను పడినాక ఇంగ నాకేం భయం?"

ఆటో ఎక్కి వెళ్లిపోయాడు. చైను లేని వరసను చూసి జనం కూడా చిటికెలో మాయమయ్యారు. కబుర్లు వినడానికి కాకి కూడా మిగల్లేదు.

తాళం లోపల ఎప్పుడో అరిగిపోయిందనీ, గట్టిగా గుంజితే ఊడొస్తుందనీ అమృతరాజుకొక్కడికే తెలుసు. ఇన్నాళ్లూ సైకిళ్లను కాచింది తాళం కాదు, అతని పేరు. ఈ సైకిలు పోతే దాని వెనకే ఆ పేరూ పోతుంది.

ఎండలో స్తంభం పక్కనే చతికిలబడ్డాడు. సెలీన్ అక్కడికే సంగటి తెచ్చిపెట్టింది.

"మన సైకిలికి ఎప్పుడన్నా ఇంత కాపలా కాసినావా?" అని నవ్వి పోయింది.

పొద్దు వాలుతుండగా నంగలి నుంచి వచ్చిన దొడ్డమునియప్ప అనే పెద్దమనిషి ఆగి, సైకిలును పైనుంచి కిందికి చూశాడు.

"నీదేనా అప్పా? యాడ కొన్నావు?"

కాదనడానికే అమృతరాజు నోరు తెరిచాడు.

"నాదే. బెంగుళూరు నుంచి తెప్పించినాను. చిరుతపులి తరిమినా దీన్ని అందుకోలేదు."

వెనక ఎవరో నవ్వారు. ఆటో దిగిన గాడ్విన్. అంతా విన్నాడని ముఖమే చెబుతోంది.

"అన్నా," అన్నాడు చేతులు కట్టుకుని, "నీ సైకిలు కొంచెం ఇస్తావా? మా ఇంటిదాకా తొక్కి చూస్తాను."

అమృతరాజు నిదానంగా చైను విప్పి భుజాన వేసుకున్నాడు.

"తొక్కప్పా. గీత మాత్రం పడకూడదు."