ఇద్దరు డాక్టర్ల మధ్య టైలరు

టైలరుకి ఇద్దరు డాక్టర్లు. ఊరికి ఆ చివర డాక్టరమ్మ ఏళ్ళ తరబడి హెచ్ఐవీ మందులిస్తోంది. ఛాతీ పట్టేసినప్పటి నుంచి ఈ చివర గుండె డాక్టరు తోడయ్యాడు. ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా నెట్టుకొస్తున్నాడు మహానుభావుడు, రెండు కాపురాలు పెట్టినవాడిలా. హెచ్ఐవీ బిళ్ళలు విటమిన్ల సీసాలో పోసుకుని మింగేంత పనిమంతుడు.

ఇదంతా భార్య కోసం. విషయం బయటపడితే బావమరిది మొదట నిలదీసేది తన అక్కనే. ఆ గొడవ ఆమె పడకూడదు, దానికోసం గుండె ఆగినా ఫరవాలేదు. అదీ మనవాడి పౌరుషం.

గుండె డాక్టరు దగ్గరికి బావమరిది కూడా తయారయ్యాడు. అతను పక్కనుంటే రోగికి నోటితో పనిలేదు. సిగరెట్టు లేదు, మందు లేదు, షుగరు లేదు, మా బావ బంగారం అని అన్నిటికీ తనే జవాబు చెప్పాడు. ఛాతీ ఒక్కటే టైలరుది. ఈ వయసుకే రక్తనాళాలు ఇంతలా పూడుకోవడమేమిటని డాక్టరు తల పట్టుకుంటే, టెన్షనండీ అని రోగనిర్ధారణ కూడా బావమరిదే చేసేశాడు.

ఇంకేమైనా మందులు వాడుతున్నారా, కొన్నిటితో కలిస్తే ఈ కొలెస్ట్రాల్ బిళ్ళ ప్రమాదమని డాక్టరు అడిగాడు. విటమిన్లేనంటూ టైలరు మందుల చీటీకి చెయ్యి చాచాడు. అంతవరకూ తలుపు పక్కన కూర్చున్న భార్య లేచొచ్చి ఆ చెయ్యి పట్టుకుంది.

"విటమిన్లు కావండీ, హెచ్ఐవీ మందులు. మా ఇద్దరికీ ఉంది."

డాక్టరు ఉలిక్కిపడలేదు. మందులకి వైరస్ అణిగున్నా ఒంట్లోని రక్షణ వ్యవస్థ పూర్తిగా నెమ్మదించదనీ, ఏళ్ళ తరబడి అలా రగులుతూ ఉంటే రక్తనాళాలు పాడవుతాయనీ చెప్పాడు. రాసిన బిళ్ళ కొట్టేసి వేరేది రాశాడు. డాక్టరమ్మ ఫోన్ నంబరు అడిగాడు.

బయటికి రాగానే బావమరిదికి మాట తిరిగొచ్చింది. "ఈయన వల్లేనా అక్కా?"

అవునని ఒప్పేసుకోవడానికి టైలరు నోరు తెరిచాడు. ఆ అబద్ధం ఎప్పుడో కుట్టి ఇస్త్రీ చేసి పెట్టుకున్నాడు. ఆమె చెప్పనివ్వలేదు.

"నా వల్ల ఆయనకొచ్చింది. నీ దగ్గర నా పరువు పోకూడదని ఇన్నాళ్ళూ దాచాడు. ఇక చాలు, నాకు ఆయన కావాలి."

టైలరుకి అక్కడే ఏడుపొచ్చేసింది. బావమరిది అతని వైపు చూడలేదు, అక్క వైపూ చూడలేదు. మందులు తెస్తానని చీటీ తీసుకుని గబగబా మెట్లు దిగాడు.

చాలాసేపు చూశారు. రాలేదు. ఆమె మళ్ళీ లోపలికెళ్ళి ఇంకో చీటీ రాయించుకుని, మందులు తనే కొనుక్కొచ్చి, ఆ బెంచీ మీదే మొగుడి చేత మింగించింది.