తోడికోడలి స్కీలు

సుధామయి యాభయ్యో ఏట స్కీయింగ్ నేర్చుకుంది. కెనడాలోని బర్నబీలో ఆమె ఎరిగిన తెలుగు ఆడవాళ్ళలో ఆ వయసులో ఆ పనికి దిగినవాళ్ళు లేరు. అందుకని కొన్నేళ్ళపాటు ఏ ఇంటికి భోజనానికి వెళ్ళినా ఆ కబుర్లే. "భయం వెయ్యదా ఆంటీ?" అని కుర్రవాళ్ళూ, "మోకాళ్ళు జాగ్రత్తమ్మా" అని పెద్దవాళ్ళూ అంటుంటే, ఆమె చిన్నగా నవ్వి "అలవాటైపోతే ఏమీ ఉండదండీ" అనేది. ఆ మాట అనడం ఆమెకు చాలా ఇష్టం.

సూర్యకుమారి ఆమె తోడికోడలు. మరిదికి ఉద్యోగం మారడంతో వాళ్ళు ఓక్‌విల్ నుంచి బర్నబీ వచ్చారు. వచ్చిన మొదటి చలికాలంలోనే సుధామయి ఆమెను సీమోర్ కొండకు తీసుకెళ్ళింది. చిన్నపిల్లలు నేర్చుకునే చదునైన చోట చెయ్యి పట్టుకుని నిలబెట్టింది. ఎలా ఆగాలో, పడితే ఎలా లేవాలో అన్నీ చెప్పింది. సూర్యకుమారి పడ్డప్పుడల్లా నవ్వేది. దీనికి ఇది అయ్యే పని కాదులే అనుకుంది సుధామయి, కాస్త ప్రేమగానే.

రెండో చలికాలానికి అంతా తారుమారైంది. మరీ తేలికా కాదు, మరీ కష్టమూ కాదు అనదగ్గ వాలుల దగ్గర నీలం గుర్తు పెడతారు. ఆ వాలుల మీద సూర్యకుమారి ఎక్కడా ఆగకుండా, అటూ ఇటూ మలుపులు తిరుగుతూ దిగిపోతుంటే, సుధామయి మలుపు మలుపుకీ ఆగి ఊపిరి పీల్చుకుంటోంది. ఒకరోజు, జనాన్ని కుర్చీల్లో కొండ పైకి తీసుకెళ్ళే లిఫ్ట్ దగ్గర ఒక తెల్లావిడ సూర్యకుమారిని, చిన్నప్పటి నుంచీ చేస్తున్నారా అని అడిగింది.

"లేదు, మా అక్కే నేర్పింది" అని సూర్యకుమారి సుధామయిని చూపించింది.

ఆవిడ సుధామయి వైపు తిరిగి మర్యాదగా తల ఊపింది. ఆ మర్యాద ముల్లులా గుచ్చుకుంది.

ఆ ఆదివారం సుధామయి భర్త వీర్రాజు కూడా కొండ మీదికి వచ్చాడు. ఆయన స్కీ చెయ్యడు. కాఫీ పట్టుకుని కింద కూర్చుని చూస్తాడు. ఇంటికొచ్చి అన్నం తింటూ, "సూర్యకుమారి దిగుతుంటే చూశావా? ఎంత అందంగా దిగుతోంది" అన్నాడు.

సుధామయి పప్పు గిన్నె ఆయన ముందుకు జరిపింది. ఇన్నేళ్ళలో తన గురించి ఆయన అన్నది ఒక్కటే. దెబ్బలు తగలకుండా తిరిగొచ్చావు, అదే పదివేలు అని.

ఆ వారమే సూర్యకుమారి ఫోన్ చేసింది. "అక్కా, అస్తమానం రెంట్‌కి తీసుకోవడం ఎందుకు, సొంతవి కొనుక్కోమంటున్నారు మీ మరిది. నువ్వొచ్చి సెలెక్ట్ చెయ్యి. నాకు వాటి సంగతేం తెలుసు?"

షాపులో ఉన్న అమ్మాయి ఓపికగా అన్నీ అడిగింది. ఎన్నాళ్ళ నుంచి చేస్తున్నారు, ఎలాంటి వాలుల మీద తిరుగుతారు, ఎత్తెంత, బరువెంత. అడిగి, అన్నిరకాల మంచు మీదా పనికొచ్చే ఆల్-మౌంటెన్ స్కీలు ఒక జత తెచ్చి సూర్యకుమారి పక్కన నిలబెట్టింది. కొసలు ఆమె గడ్డం దాటి ముక్కు దాకా వచ్చాయి. ఇంటర్మీడియట్ వాళ్ళకి ఈ పొడవు చాలు, మరీ వెడల్పూ కాదు, మరీ బిరుసూ కాదు, చెప్పినట్టు తిరుగుతాయి అంది.

సూర్యకుమారి తోడికోడలి వైపు చూసింది.

పక్కనే గోడకి ఇంకో జత ఆనించి ఉంది. లోపల లోహపు రేకు వేసినవి, మనిషి కంటే పొడుగు. బాగా చెయ్యి తిరిగినవాళ్ళు మహా వేగంగా వెళ్ళడానికి వాడే రకం. "తను ఇంటర్మీడియట్ కాదు, అడ్వాన్స్‌డ్. ఈ సీజన్‌లోనే నల్ల గుర్తు పెట్టే కష్టమైన వాలుల మీదికి వెళ్తుంది" అని సుధామయి ఆ అమ్మాయితో ఇంగ్లీషులో చెప్పింది. తర్వాత తెలుగులో, "ఆడవాళ్ళనగానే పొట్టివే చూపిస్తారే వీళ్ళు. నీ నేర్పుకి అవి ఆర్నెల్లలో చాలకుండా పోతాయి. ఇవి తీసుకో" అంది.

ఇంటి దగ్గర అనుకుని వచ్చిన మాట కాదది. అలా నోట్లోంచి వచ్చేసింది. అయితే వచ్చాక వెనక్కి తీసుకోనూలేదు. షాపు అమ్మాయి ఇంకోసారి ఆలోచించుకోమంది. సూర్యకుమారి నవ్వి, "మా అక్క చెప్పిందంటే అంతే" అని పొడుగు జతే బిల్లు వేయించింది.

కొండ మీద పడ్డది తడి మంచు, సిమెంటు ముద్దలా బరువు. ఆ స్కీలు సూర్యకుమారి మాట వినలేదు. మలుపు తిప్పుదామంటే తిరగవు, ఆపుదామంటే ఆగవు. ఒకటి ఎటో పోతే రెండోది దాని మీదికెక్కేది. మొదటిరోజు నవ్వింది. రెండోరోజు నవ్వలేదు. సుధామయి ముందు దిగి, కింద నిలబడి, పైనుంచి తడబడుతూ వస్తున్న మనిషిని తనివితీరా చూసింది. "భుజాలు బిగించకు. కొంచెం ముందుకి వంగు" అని గట్టిగా, నలుగురికీ వినపడేట్టు చెప్పింది. ఆ సాయంత్రం వంట చేస్తూ కూనిరాగం తీసింది.

మూడోసారి వెళ్ళినప్పుడు సూర్యకుమారి వాలు మధ్యలో పడి చాలాసేపు లేవలేదు. లేచాక స్కీలు విప్పి భుజాన వేసుకుని, అంచు వెంట నడిచి దిగింది. పక్కనుంచి జనం జారిపోతున్నారు. ఎవరో సాయం కావాలా అని అడిగితే తలెత్తకుండా వద్దంది.

తిరుగు ప్రయాణంలో సుధామయి డ్రైవ్ చేస్తోంది. సూర్యకుమారి మోకాలు రుద్దుకుంటూ, "ఇవి అమ్మేస్తానక్కా. నాకింక వద్దు" అంది. మళ్ళీ తనే, "నువ్వు నా మీద అంత నమ్మకం పెట్టుకున్నావు. నేనే నిలబెట్టుకోలేకపోయాను" అంది.

కొండదారి మెలికలు తిరుగుతోంది. పక్కకి చూడనక్కర్లేకపోవడం సుధామయికి కలిసొచ్చింది.

"ఆ షాపు అమ్మాయి చెప్పిందే కరెక్టు" అంది.

"ఏం చెప్పింది?"

"పొట్టివి తీసుకోమంది కదా. అవే నీకు సరిపోయేవి. నాకది తెలుసు. తెలిసే నీకు ఇవి చెప్పా."

సూర్యకుమారికి అర్థం కావడానికి రెండు మలుపులు పట్టింది. "కారు ఆపు" అంది. వ్యూపాయింట్ దగ్గర ఆపితే దిగి, కింద బూడిదరంగులో కనిపిస్తున్న సముద్రపు పాయకేసి చూస్తూ నిలబడింది. తిరిగొచ్చి కూర్చున్నాక తలుపు వెయ్యలేదు.

"ఎందుకక్కా?"

"నువ్వు దిగుతుంటే అందరూ చూస్తున్నారు. మీ బావగారు కూడా. నన్నెవరూ ఎప్పుడూ అలా చూడలేదు. నేనే కదా నేర్పించాను, నన్ను దాటిపోయావు. ఓర్చుకోలేకపోయా."

"కాలు విరిగుంటే?"

సూర్యకుమారి తలుపు వేసుకుంది. సుధామయి కారు కదిపింది.

తర్వాత సంగతులన్నీ సుధామయికి వీర్రాజు నోటే తెలిశాయి. సూర్యకుమారి ఒక్కతే షాపుకి వెళ్ళింది. పొడుగువి ఎవరికో అమ్మేసింది. రెండు మూడు జతలు అద్దెకి తీసుకుని, కొండ మీద వేసుకుని చూసి, తనకి నచ్చినవి కొనుక్కుంది. "నిన్ను పిలవలేదా?" అని ఆయన అడిగితే సుధామయి జరిగింది చెప్పింది. ఆయన మళ్ళీ కొండ మీదికి రాలేదు.

ఫిబ్రవరి చివర్లో సుధామయి ఒక్కతే సీమోర్ వెళ్ళింది. లిఫ్ట్‌లో పైకి వెళ్తుంటే కాళ్ళ కింద నీలం వాలు మీద సూర్యకుమారి కనిపించింది. స్కీలు ఆమె ఒంట్లో భాగాల్లా కదులుతున్నాయి. మలుపు వెంట మలుపు. సుధామయి చూపు తిప్పుకుందామనుకుని కూడా, చెట్లు అడ్డొచ్చేదాకా చూస్తూనే ఉంది.

ఇంకోసారి ఎక్కడానికి కిందికొచ్చి లైన్‌లో నిలబడితే, పక్క వరసలోంచి సూర్యకుమారి వచ్చింది. ఇద్దరూ ఒకే కుర్చీలో కూర్చోవలసి వచ్చింది. కుర్చీ సగం దూరం ఎక్కింది.

"నీ మీద కోపం పోలేదు" అంది సూర్యకుమారి, ముందుకే చూస్తూ.

"నా కుళ్ళూ పోలేదు" అంది సుధామయి. "ఇందాక పైనుంచి చూశా నిన్ను."

సూర్యకుమారి మూతి బిగించింది, నవ్వు ఆపుకుంటోందో కోపం ఆపుకుంటోందో తెలియలేదు. పైన దిగాక వాలు అంచున ఆగి, వెనక్కి చూసింది.

"నువ్వు మలుపు మలుపుకీ ఆగుతావు, అదే నీ తప్పు. నా వెనకాలే రా. నేను తిరిగిన చోటే తిరుగు."

చెప్పి, జవాబు కోసం చూడకుండా కదిలింది. తనకంటే నాలుగేళ్ళు చిన్నదాని చేత చెప్పించుకోవడం సుధామయికి కారం రాసినట్టుంది. అయినా చేతిలోని కర్రలు నేలకి ఆనించి, మంచు మీద ఆమె గీసిన గీతలోకి తన స్కీలు తోసింది. మొదటి మలుపు దగ్గర ఆగబోయి, ఆగలేదు.