మరక లేని రుమాలు

ఇస్సాకు కన్నీళ్లు ఎర్రగా ఉన్నంతకాలం అతని భార్య సారమ్మ నిశ్చింతగా ఉంది.

క్షయకు ఆసుపత్రిలో ఇచ్చే ఆ ఎర్ర గొట్టం మాత్ర ఒంట్లోకి వెళ్తే మూత్రం, చెమట, ఆఖరికి కన్నీళ్లు కూడా నారింజ రంగుకు తిరుగుతాయి. మనిషి అబద్ధమాడినా చొక్కా ఆడదు. పైగా మెట్టకూరు చర్చిలో ప్రార్థన మొదలైతే చాలు, ఇస్సాకుకు ఏడుపు ముంచుకొస్తుంది. ఆదివారం అతని రుమాలు ఉతుకుతూనే అతను మాత్ర వేసుకుంటున్నాడో లేదో సారమ్మ గ్రహించేది.

"దగ్గు తగ్గగానే మానేస్తారమ్మా మీవాళ్లు," అని డాక్టరమ్మ జోసెఫిన్ ముందే హెచ్చరించింది. "ఇన్ని రకాల మందులెందుకనుకున్నావ్? కొన్ని చురుగ్గా పెరిగే క్రిముల్ని చంపుతాయి, కొన్ని నిద్రపోయేవాటిని. దగ్గు తగ్గిందంటే మెలకువగా ఉన్నవి చచ్చాయంతే. మధ్యలో మానితే మిగిలినవి లేస్తాయి. ఒక్కోసారి మందుకి లొంగవు కూడా."

రెండు నెలలకే దగ్గు పోయింది, ఒళ్లు చేసింది. ఇస్సాకు మూటలో మాత్రలు కట్టుకుని చేపల వేటకెళ్లాడు. వారం తర్వాత పడవ దిగి తిన్నగా చర్చికొచ్చి, సాక్ష్యం చెప్పడానికి లేచాడు.

"ప్రభువు నన్ను పూర్తిగా బాగుచేసేడండీ!" అంటూ భోరుమని, రుమాలుతో కళ్లు తుడుచుకున్నాడు. రుమాలు మల్లెపువ్వులా ఉంది.

"చూశారా, ఎరుపంతా పోయింది!" అన్నారు పాస్టరు ప్రకాశరావుగారు. జనమంతా స్తోత్రం అన్నారు. మాత్రలు మానేశాడని సారమ్మకు మాత్రం అర్థమైంది. ఈ మనిషి తనకు దక్కడేమోనని భయమేసింది. ఆడవాళ్ల వైపు నుంచి లేచి నిలబడింది.

"ఈ సాక్ష్యం చెల్లదండి, అయ్యగారూ. మందులన్నీ అయ్యేకే చెప్పిత్తానని ప్రభువుకి మొక్కుకున్నాను."

నిజానికి అంతవరకూ అలాంటి మొక్కేమీ లేదు. లేస్తూ లేస్తూ మొక్కుకుంది.

"మాత్రలేం చేసేవయ్యా?" అని మొగుడి వైపు తిరిగింది.

"గోదాట్లో..."

"ఏం, చేపలు దగ్గుతున్నాయా?"

చర్చి గొల్లుమంది. మొక్కు అన్నాక పాస్టరుగారు కూడా సాక్ష్యం ఆపించి ఇస్సాకును కూర్చోబెట్టారు. మర్నాడే సారమ్మ మొగుణ్ణి ఆసుపత్రికి లాక్కెళ్లింది. డాక్టరమ్మ చీవాట్లు పెట్టి, కఫం పరీక్షకు పంపి, మందులు మళ్లీ మొదలుపెట్టింది.

ఆ పై ఆదివారం ఇస్సాకు అలవాటు ప్రకారం ఏడ్చాడు. రుమాలు నారింజ రంగైంది.

"పాపం, విశ్వాసం చాల్లేదు," అని నిట్టూర్చింది పక్కనున్న ఆనందమ్మ.

సారమ్మ ఆ మరక చూసి, అందరికంటే గట్టిగా పాట అందుకుంది.