ఆనపకాయలో మిగిలిన సగం మాట

రండి రండి, దగ్గరికి జరగండి. గోడకు ఆనుకున్నోళ్ళు కూడా ముందుకు రండి, నా గొంతు అంత దూరం రాదు. మనోజ్ఞా, చెప్పులు పక్కన పెట్టి కూసో. గోపాలూ, పక్కోడి చెవిలో గుసగుసలు ఆపు. ఇయ్యాల నేను చెప్పేది గుసగుసల కథే.

ములకలపల్లి దాటినంక అడవి అంచున ఒక ఊళ్ళో నవత అనే ఆమె ఉండేది. పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చి, బోరింగు కాడ నీళ్ళు పట్టుకొచ్చి, ఒక బిందె ఇంట్లో పెట్టి ఇంకో బిందె ఆనపపాదులో పోసేది. ఆ ఊళ్ళో ఆనపతీగ లేని ఇల్లు లేదు. కానీ పందిరి కింద కూర్చుని ఎవరూ ముచ్చట పెట్టరు. ఎందుకంటే అక్కడి ఆనపకాయలు వింటాయి. కింద మాట్లాడిన మాట కాయలోకి చేరి గింజల పక్కన సద్దుమణిగి ఉంటుంది. కూరకు కోసినప్పుడు, కత్తిపీట దిగీ దిగంగానే, ఎవరి మాట వాళ్ళ గొంతుతోనే బయటికొస్తుంది. ఆడవాళ్ళకు అది పోపు వాసనంత మామూలు. కొత్త కోడలు కాపురానికి రాగానే అత్త చెప్పే మొదటి మాట, "నన్ను తిట్టుకోవాలంటే చేనుగట్టుకు పో బిడ్డా, పందిరి కింద మాత్రం తిట్టకు" అని. సంతలో ఆ కాయలు కొన్న పైఊళ్ళ వాళ్ళు కూడా ఎవరిదో కొట్లాట కాసేపు విని, ముక్కలు గిన్నెలో వేసుకుంటారు.

నవతకు మూడో నెల. స్కాన్ కోసం మొగుడు సాయికృష్ణ ఆమెను భద్రాచలం తీసుకుపోయాడు. కడుపు పగిలేదాకా నీళ్ళు తాగించి, చల్లటి జిగురు పూసి చూశారు. అది కాంగానే నవత బాత్రూముకు పరుగెత్తింది. తిరిగొచ్చేసరికి డాక్టరమ్మ ఇంకో గదిలోకి పోయింది. సాయికృష్ణ తల వంచుకొని బయట నిలబడి ఉన్నాడు.

"అండాశయం మీద గడ్డ ఉన్నదంట" అన్నాడు. "నీళ్ళ గడ్డ. బిడ్డతోపాటు అదీ పెరుగుతదంట. ఉంచుకుంటే రెండు ప్రాణాలకూ ముప్పేనంట."

"నేనొక్కసారి డాక్టరమ్మను అడుగుతా."

"ఏమడుగుతవ్? నీ మొకం చూసి చెప్పలేకనే నాకు చెప్పి పోయింది."

బస్సులో ఆమె ఏడుస్తుంటే అతను బత్తాయి ఒలిచి, గింజలు తీసి, తొన తొనా నోట్లో పెట్టాడు. ఆ ఊరి ఆడవాళ్ళంతా అతన్ని మెచ్చుకున్నారు. "గసొంటి మొగుడు దొరుకుడు నీ అదృష్టం" అంది పక్కింటి రామక్క. నవతకూ అట్లాగే అనిపించింది. ఖమ్మంలో ఇంకో దవాఖానాలో కడుపు తీయించుకోవడానికి సరేనంది. పాదుకు నీళ్ళు పోసేటప్పుడు కడుపు మీద చెయ్యి వేసుకొని, "నా ఒంట్లోనే నీకు చోటు లేకపాయె" అని లోపలి బిడ్డకు చెప్పుకునేది.

సంగతి తెలిసి నాయిన సారయ్య వచ్చాడు. బొగ్గుబావిలో పనిచేసీ చేసీ రొమ్ము చెడిన మనిషి. నవత చిన్నప్పుడే తల్లి పోతే, గోళ్ళ సందుల్లో మసి పోని ఆ చేతులే ఆమెకు తల దువ్వి జడలేశాయి. ఆయన పనిలోంచి దిగిపోతే ఆ బావి కొలువు ఒక్కగానొక్క కూతురికి వస్తుందని అందరూ అనుకుంటున్నారు, మెడికల్ టెస్టులో పాసైతే.

అల్లుడు మామను చేను దిక్కు తీసుకుపోదామని చూశాడు. సారయ్య నాలుగడుగులు వేసి దగ్గొచ్చి, పందిరి కింద మంచం మీద కూలబడ్డాడు. ఆయనది బొగ్గుబావి కాలనీ బతుకు, అంగట్లో కొన్న కూరగాయల బతుకు. ఈ ఊరి పట్టింపులు ఆయనకేం తెలుసు? సాయికృష్ణ పైకి చూశాడు, చుట్టూ చూశాడు, మెల్లగా పక్కన కూర్చున్నాడు. గడపలోంచి చూసిన నవత, పాపం తన గురించే బాధపడుతున్నారనుకుంది.

మర్నాడు సాయికృష్ణ పొద్దున్నే పందిరెక్కి, లేత పిందె కూడా మిగల్చకుండా కాయలన్నీ తెంపి సంతకు పట్టుకుపోయాడు. సంత మొకం ఎరగని మనిషి!

"కూరకు ఒక్కటన్నా ఉంచకపోతివి" అంది నవత.

"ఆనపకాయ నీకు చలువ చేస్తది. ఇప్పుడొద్దు" అన్నాడు. దానికి కూడా ఆమె మురిసిపోయింది.

రెండు రోజులకు గాజుల సర్వరీ బేగం వచ్చింది. ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి గాజులు తొడిగే ముసలామె. నవత పెళ్ళిగాజులు కూడా ఆమె చేతి మీదనే. గాజుల గంప దించి, గుడ్డలో చుట్టిన సగం ఆనపకాయ తీసి గడప మీద పెట్టింది.

"సంతల కొన్న. కోస్తే నీ పేరు ఇనొచ్చింది. మీ నాయిన దగ్గు ఇనొచ్చింది. అక్కడికే ఆపిన."

"ఏమన్నరు చాచీ?"

"నేను చెప్తే అది నా మాటయితది బేటీ. ఆడోళ్ళు ఏదో మోసుకొచ్చి కొంపల నిప్పు పెట్టిన్రంటరు. నీ సగం నువ్వే కోసుకో."

నవత కత్తిపీట వాల్చింది. మొదటి ముక్క తెగగానే సాయికృష్ణ గొంతు, అదే మెత్తటి గొంతు: "గడ్డతోటి ఏం గాదంట మామా. నాలుగో నెల దాటేసరికి అదే కరిగిపోతదంట. మళ్ళొకసారి స్కాన్‌కు రమ్మన్నది."

రెండో ముక్కకు మళ్ళీ అతనే. "ముప్పని చెప్పిన. ఒకటే ఏడ్చింది. ఒప్పుకున్నది. కడుపుతోని పోతే మెడికల్‌లో తీసుకోరు కద."

మూడో ముక్క కోయబోతే సర్వరీ బేగం ఆమె చెయ్యి పట్టుకుంది. "ఇగ చాల్ బేటీ."

"మిగిలిన మాట ఎవరిదో నాకు తెలుసు చాచీ" అంది నవత. ఆ ముక్కను కొయ్యకుండా తడిగుడ్డలో చుట్టి చల్లకుండ పక్కన పెట్టింది. కోసిన ముక్కలు అట్లాగే వాడిపోయాయి.

ఖమ్మం పోయే రోజు సారయ్య పొద్దుటి బస్సుకే దిగాడు. కూతురికి తోడుంటానని. సాయికృష్ణ సంచి సర్దుతున్నాడు, అందులో బత్తాయిలు కూడా వేశాడు. నవత నాయినకు నీళ్ళిచ్చి, ఆయన ముందు కత్తిపీట వేసి, గుడ్డ విప్పింది.

"నాయినా, ఈ ముక్క నువ్వు కొయ్యి."

"గిదేంది బిడ్డా, బస్సు టైమైతుంటే?"

సాయికృష్ణ సంచి కింద పెట్టి చెయ్యి చాపాడు. "నవతా, గది ఇటియ్యి" అన్నాడు.

"ఆయన కోస్తడు" అంది ఆమె.

సారయ్య కోశాడు. ముందు ఆనపకాయ దగ్గింది. లోతుగా, గరగరలాడుతూ, బొగ్గుపొడి రాలుతున్నట్టు. తర్వాత అచ్చంగా ఆయన గొంతుతో అంది: "చెప్పకు దానికి. కొలువు పోతే మళ్ళ రాదు. పిల్లలదేముంది, ఇంకొకరు పుట్టరా?"

ముసలాయన చేతిలో ముక్క రెండుగా విడిపోయి ఉంది. ఆ గోళ్ళ సందుల్లో మసి ఇంకా అట్లాగే ఉంది.

"నీ బాగు కోసమే బిడ్డా" అన్నాడు. "నేను పోతే నీకెవరున్నరని..."

"నన్నడిగితే ఒప్పుకుందునేమో నాయినా. ఒప్పుకోకపోదునేమో. నాకే తెల్వదు. ఇగ ఎన్నటికీ తెల్వదు. గది గూడ మీరే తీసుకున్నరు."

సాయికృష్ణ దగ్గరికి రాబోతే ఆమె సంచిలోంచి బత్తాయిలు తీసి అతని చేతిలో పెట్టింది. చెప్పులేసుకొని, ముందే రమ్మని చెప్పి ఉంచిన సర్వరీ బేగాన్ని వెంటబెట్టుకొని భద్రాచలం బస్సెక్కింది.

డాక్టరమ్మ ఆశ్చర్యపోయింది. "మీ ఆయనకు అన్నీ చెప్పిన కదమ్మా?"

"నాకు చెప్పండి. నాకే చెప్పండి."

అప్పుడు డాక్టరమ్మ బొమ్మ గీసి చూపించింది. మొదటి నెలల్లో ఇట్లాంటి నీటిగడ్డలు చాలామందికి వస్తాయని, ఎక్కువ శాతం వాటంతటవే కరిగిపోతాయని, బిడ్డకు ఏమీ కాదని చెప్పింది. "కొన్ని మాత్రం పెరుగుతయి, మెలిపడతయి. ఒక్కసారిగా గట్టిగ నొప్పి లేచినా, దాంతో వాంతులైనా, ఎవరి కోసం ఆగకుండ రావాలె. మళ్ళీ స్కాన్‌కు తప్పకుండ రావాలె" అంది. నవత ప్రతి మాటనూ తిరిగి ఆమెకే అప్పజెప్పి, సరిగ్గా విన్నానా అని అడిగింది.

ఐదో నెలలో చూస్తే గడ్డ కనిపించలేదు. ఎండాకాలం ముగిసేసరికి ఆడపిల్ల పుట్టింది. మెడికల్‌కు రమ్మన్న రోజు ఎప్పుడో దాటిపోయింది, దాంతోపాటు కొలువు మాట కూడా. సారయ్య మనవరాలిని ఎత్తుకోవడానికి వస్తే నవత కాదనలేదు. కాళ్ళకు నీళ్ళిచ్చింది, అన్నం పెట్టింది. కానీ మునుపటిలాగా ఆయన ముందు కూర్చుని తలకు నూనె పెట్టమని మాత్రం మళ్ళీ అడగలేదు.

సాయికృష్ణ ఆ ఇంట్లోనే ఉన్నాడు. చేను చేస్తాడు, పిల్లను ఆడిస్తాడు. ఊళ్ళో అందరి మంచాలూ పందిరికి దూరంగా ఉంటే, నవత ఇంటి మంచం మాత్రం సరిగ్గా పందిరి కిందనే ఉంటుంది. అతని కోసం ఎవరొచ్చినా అక్కడనే కూర్చోబెడుతుంది. అతను తనకు ఏం చెప్పబోయినా, "అక్కడ కూసొని చెప్పు" అంటుంది. అతను కూర్చుని పైకి చూస్తూ చెప్తాడు. వారంలో ఒకనాడు ఆమె కాయ తెంపి, తలుపు దగ్గరికి వేసుకొని, చెవి ఒగ్గి మెల్లగా ముక్కలు కోస్తుంది. అతను తనకు చెప్పిందే కాయా చెప్తుంది, ఎప్పుడూ తేడా రాలేదు. అయినా ఆమె కోయడం మానలేదు.

ఇగ లేవండి. ఇళ్ళకు పోయి తినండి, మీ అమ్మలు ఎదురుచూస్తుంటరు. ఎవరింట్లోనన్నా ఇయ్యాల ఆనపకాయ కూరైతే, అమ్మ కోసేటప్పుడు గొడవ చెయ్యకండి. పక్కన కూసొని, ఆమెను ఇననియ్యండి.