వాలిన రేకు కింద

సెప్టెంబరు తొమ్మిదో తేదీ. ఆ సాయంత్రం సిద్ధిరాములు ఇంట్లో జొన్నరొట్టె, పచ్చిపులుసు తిన్నారు. నేను పుట్టింది ఆ రోజే. నేను ఒక సెల్యులోజ్ పోగును. పుప్పొడి రేణువు మొలకెత్తి సన్నని గొట్టం చాస్తుంది కదా, ఆ గొట్టం గోడ చీలకుండా పట్టుకునేవాళ్లలో నేనొకణ్ణి. మీ చొక్కాలోని నూలు నాకు దగ్గర చుట్టమే. దాన్ని ఉతికి ఆరేస్తారు. నేను మీ కంటికే ఆనను.

సిద్ధిరాములు కిన్నెర వాయిస్తాడు. కిన్నెర దండెకు కట్టే పెద్ద బుర్రలు కాసే సొరగింజలను ఆయన భార్య ఏటేటా దాచేది. ఆమె పోయాక, మిగిలిన గింజల్లో మొలిచింది ఒక్కటే. తలుపు చట్రాన్ని పట్టుకుని కప్పు మీదికి పాకింది. పిందెలన్నీ రాలిపోయాయి. వడలుతున్న తీగకు ఇదే చివరి ఆడపువ్వు. ఆ సాయంత్రం విచ్చిన ఒకే ఒక మగపువ్వును కూతురు చిట్టెమ్మ తెంపి, ఆడపువ్వు నడుమ మెల్లగా అద్దింది.

ఆ ఊళ్లో లేత సొరపిందెను చాచిన వేలితో చూపరు, కుళ్లిపోతుందని. మడిచిన వేలితోనే చూపుతారు. ఆ పొద్దున ఈ పువ్వు కింది పిందె వైపు ఎవరో మరిచిపోయి వేలు చాచారు. సిద్ధిరాములుకు మనసాగలేదు. దిష్టి పోవాలని, కూతురు పుప్పొడి అద్దిన కాసేపటికే పువ్వు మీద పసుపునీళ్లు చల్లాడు.

“అయ్యో నాయినా! పుప్పొడి మీద నీళ్లు జల్లుతవా? పలిగిపోతది గద!”

“మీ యమ్మ జల్లేది గద బిడ్డా.”

“అమ్మ పిందె మీద జల్లేది, పువ్వు మీద గాదు. ఇంకో మగపువ్వు గూడ లేదాయె.”

“అయితే ఇగ కిన్నెరకు నా బోడితలనే కట్టాలె,” అన్నాడు. ఇద్దరూ నవ్వలేదు.

నా చుట్టూ గొట్టాలు ఉబ్బి పగిలిపోయాయి. వాటిలోనూ నాలాంటి పోగులున్నాయి. ఎంత బిగబట్టినా ఆపలేకపోయాయి. ఒక రేకు వాలి అడ్డుపడినచోట మేం కొద్దిమందిమి తడవలేదు. అంత మెత్తని రేకు అంత పని చేసింది.

మా గొట్టం పువ్వు లోపలికి సాగింది. సాగేది దాని కొస. నేను కదలను, అల్లినచోటే ఉండిపోతాను. మేం మరీ బిగిస్తే కొస ఆగిపోతుంది, వదులైతే పగులుతుంది. ఎంత బిగించాలో నిర్ణయించేది నేను కాదు.

మర్నాటికి కొస గింజ కాబోయే చోటు చేరింది. అక్కడ అది పగలాలి. ముందురోజు ఏ పగులుకు వణికానో, అక్కడ అదే కావలసింది. పగిలింది, లోపల తెచ్చిన మగబీజాన్ని అప్పగించింది. నాకిక పని లేదు. ఇంత కొద్దిమందిమి తెచ్చినదానితో పిందె నిలుస్తుందో రాలుతుందో నాకు తెలియదు.

చీకటి పడుతుండగా సిద్ధిరాములు వచ్చి, మడిచిన వేలితో చూపాడు.

“నిలుస్తదా బిడ్డా?”

“సూద్దాం నాయినా. నువ్వైతే చెంబు ముట్టకు.”

రోజూ ఆయన తలుపును దడాలున లాగేవాడు, తీగంతా అదిరేది. ఆ రాత్రి రెండు చేతులా తలుపును కాస్త పైకెత్తి, చప్పుడు కాకుండా చట్రానికి చేరవేశాడు.