బుడగ లేచేదాకా

కుంచెను సబ్బునీళ్ళ డబ్బా అంచుకు ఒత్తి, కారేది కారనిచ్చి, సబ్బక్క మూడో బస్సు వెనక తలుపులోకి చెయ్యి చాచింది. లోపల వేలిలావు ఉక్కు గొట్టాలు మెలికలు తిరిగి ఉన్నాయి. గొట్టం గొట్టాన్ని కలిసే ప్రతిచోటా ఒక నట్టు. ఆ నట్టు చుట్టూ, పసిపిల్ల చెంపకు పౌడరు అద్దినట్టు, నురగ అద్దాలి. అద్దాక కూర్చుని చూడాలి. పనంతా ఆ చూడటంలోనే ఉంది.

షెడ్డులో లైట్లు ఇంకా ఆర్పలేదు. బయట బూడిదరంగు ఆకాశం అప్పుడప్పుడే తెల్లబడుతోంది. అవతలి వరసలో డీజిలు బస్సులు ముసలివాళ్ళలా ఒక్కొక్కటే దగ్గి లేస్తున్నాయి. ఈ వరసలో నాలుగు కొత్త బస్సులు మాత్రం నిద్ర లేచాయో లేదో తెలియకుండా నిలబడి ఉన్నాయి.

"ఏం సబ్బక్కా, గిన్నెలు తోమడం అయిందా?" అన్నాడు అటుగా వెళ్తున్న డ్రైవరు.

"అన్నీ అయ్యాయి. నీ మొహం ఒక్కటే మిగిలింది. ఆగు, వస్తున్నా."

డ్రైవరు నవ్వుకుంటూ పోయాడు. సబ్బక్క నవ్వలేదు. కళ్ళు నట్టు మీదే ఉన్నాయి.

అరవైకి దగ్గరపడిన మనిషి. సన్నగా, కాస్త వంగి ఉంటుంది. డిపో ఇచ్చిన ఖాకీ చొక్కాలో ఇంకో మనిషికి కూడా చోటుంది. వేళ్ళు మాత్రం ఒంటికి సంబంధం లేనట్టు లావుగా, చివర్లు తెల్లగా నానిపోయి, గీతలు గీతలుగా పగిలి ఉంటాయి. ఎన్నో ఏళ్ళ నీళ్ళు తాగిన వేళ్ళు అవి.

పెళ్ళయిన ఏడాదికే మొగుడు పని వెతుక్కుంటానని ఊరు దాటాడు. పని దొరికిందో లేదో తెలియదు గానీ మనిషి మళ్ళీ దొరకలేదు. తమ్ముడు అప్పటికి ఈ డిపోలోనే స్పానర్లు అందించే కుర్రాడు. అక్కను తన ఒంటిగదికి తెచ్చుకున్నాడు. బస్సులు కడిగే పని ఇప్పించాడు. తరవాత వాడికి పెళ్ళయింది, పిల్లలయ్యారు, షెడ్డుకంతా మేస్త్రి అయ్యాడు. ఆవిడ అలాగే బస్సులు కడుగుతూ ఉండిపోయింది. గేటు లోపల వాణ్ణి అందరిలాగే 'మేస్త్రిగారూ' అంటుంది. గేటు దాటాక 'ఒరే తమ్ముడూ' అంటుంది. ఇన్నేళ్ళలో ఈ రెండూ ఎప్పుడూ కలపలేదు.

ఆవిడ కడిగే వేళకు బస్సుల్లో మనుషులుండేవారు కాదు. వాళ్ళు వదిలి వెళ్ళినవే ఉండేవి. పొట్లాం కాగితాలు, ఒంటి చెప్పు, ఒకసారి కట్టుడు పళ్ళు. అన్నిటికంటే ఎక్కువగా కిటికీ అద్దాల మీద తలలు ఆన్చిన జిడ్డు మరకలు. వెనక సీటు కిటికీకి ఎప్పుడూ పెద్ద మరక ఉండేది. ఆసుపత్రిలో రాత్రి షిఫ్టు దిగిన ఆయాలు అక్కడ కూర్చుని దారంతా నిద్రపోతారని ఎవరో చెప్పారు. వాళ్ళ మొహాలు ఆవిడ ఎప్పుడూ చూడలేదు. ఆ తలలను మాత్రం రోజూ తుడిచేది.

ఇంతలో ప్రభుత్వం కొత్త పథకం పెట్టింది. ఎండతో కరెంటు తీసి, ఆ కరెంటుతో నీళ్ళలోంచి హైడ్రోజన్ తీసి, ముందు బస్సులు, తరవాత కార్ఖానాలు ఈ ప్రాంతమంతా దాని మీదే నడపాలన్నారు. డిపో వెనక ఖాళీ జాగాలో తెల్ల ట్యాంకులు లేచాయి. నాలుగు బస్సులు వచ్చాయి. పొగ రాదు, వెనక గొట్టంలోంచి నీటి చుక్కలు రాలతాయంతే. ఏడాది పాటు ఇవి ఒక్క ట్రిప్పు తప్పకుండా తిరిగితే, ఈ వైపు రాబోయే బస్సులన్నిటికీ మరమ్మతు కార్ఖానా ఇక్కడే కడతారు. తప్పితే పక్క జిల్లాకు పోతుంది. డీజిలు బస్సులకు ఎలాగూ రోజులు చెల్లాయి కాబట్టి, కార్ఖానా రాకపోతే ఈ డిపోకు తాళమే. ఉన్నవాళ్ళంతా తలో దిక్కుకూ బదిలీ. మేస్త్రి కడుతున్న ఇల్లు పిల్లర్ల దగ్గర ఆగి ఉంది. కార్ఖానా సంగతి తేలాకే పైకప్పు అని మరదలు ఒట్టు పెట్టుకుంది.

ఈ గ్యాసుకు రంగు లేదు, వాసన లేదు. డీజిలు కారితే ముక్కు చెబుతుంది, ఇది కారితే ముక్కుకు కబురందదు. పట్టి చెప్పే మీటరు ఉంది గానీ, గాలి ఆడే షెడ్డులో అదీ ఒక్కోసారి నోరు మెదపదు. అందుకే సబ్బునీళ్ళు. ఎవరు చేస్తారని పథకం వాళ్ళు అడిగితే కుర్ర మెకానిక్కులందరూ పక్కకు చూశారు. బస్సులు కడిగే ఆవిడ చెయ్యెత్తింది. రెండు వారాలు నేర్పించారు. అప్పటినుంచి సబ్బక్క అయింది.

నట్టు కింద అంచున నురగ కదిలింది.

ఆవిడ ఊపిరి బిగబట్టింది. ఆవగింజంత బుడగ ఒకటి పుట్టింది. ఉబ్బింది, పగిలింది. ఆవిడ గుడ్డతో తుడిచి మళ్ళీ నురగ అద్దింది. కాసేపు ఏమీ లేదు. ఇంకొకరైతే లేచి పోయేవారే. పాలు పొంగేది చూపు తిప్పినప్పుడే అని ఆవిడకు తెలుసు. కూర్చుంది. మళ్ళీ అక్కడే, అదే చోట, ఇంకో ఆవగింజ.

మేస్త్రిని పిలిచింది. ఆయన ఉతికిన చొక్కా వేసుకుని ఉన్నాడు. ఆ పొద్దున పథకం పెద్దాఫీసరు బృందం వస్తోంది. సరిగ్గా ఈ మూడో బస్సులోనే ఊరంతా తిరిగి చూస్తారు. మొదటిదీ రెండోదీ ఈలోపే రోడ్డెక్కాయి, నాలుగోది ఎక్కబోతోంది.

ఆయన వంగి చూశాడు. "ఏదీ?"

"ఆగండి, వస్తుంది."

"నాకు ఆగే టైముందా?" నడుము మీద చెయ్యి వేసుకుని లేచాడు. "ఉన్నా ఎంతుంటుంది? పైకి పోయే గ్యాసు, ఆకాశంలో కలుస్తుంది. సాయంత్రం బండి వచ్చాక నేనే మారుస్తా."

"ఇప్పుడు మార్చకూడదా?"

"గొట్టం ఖాళీ చెయ్యాలి, జాయింటు తియ్యాలి, మళ్ళీ నింపాలి. పూట పడుతుంది. ట్రిప్పు తప్పినట్టు రాస్తారు. అదీ వాళ్ళ కళ్ళముందు." గొంతు తగ్గించాడు. "గడువు ఇంకెన్నాళ్ళో లేదు. ఇప్పుడా నీకు బుడగలు కనపడేది?"

"నిన్న లేదు. ఇవాళ ఉంది."

మేస్త్రి అటూ ఇటూ చూశాడు. దగ్గరికి జరిగాడు. "అక్కా, ఇన్నేళ్ళు నా ఇంట్లో ఉన్నావు. ఏనాడైనా నిన్నొక మాట అన్నానా? ఈ ఒక్కరోజు నా మాట విను."

ఆవిడ కుంచెను డబ్బాలో పెట్టింది. తడి వేళ్ళు చొక్కాకు తుడుచుకుంది.

"ఏనాడూ అనలేదురా తమ్ముడూ. ఇవాళ అన్నావు," అంది.

గేటు లోపల ఆ పిలుపు విని పక్క బండి కింది మెకానిక్కు తల బయట పెట్టాడు. అప్పటికే ఆవిడ నడుస్తోంది.

షెడ్డు గోడకు పథకం వాళ్ళు బిగించిన పలక ఒకటుంది. ఈ బస్సుల్లో ఏ లోపం కనిపించినా, ఏ ఉద్యోగి అయినా సరే, ఎర్రబిళ్ళ తగిలించి బండి ఆపవచ్చు. ఆపినందుకు ఎవరూ సంజాయిషీ అడగరాదు. బిళ్ళను పథకం ఇంజనీరు మాత్రమే తీయాలి. పలక కింద కొక్కెం, కొక్కేనికి బిళ్ళ. వచ్చినప్పటి నుంచి ఎవరూ దాన్ని తాకలేదు. డ్రైవర్లు ఆ కొక్కేనికి తువ్వాళ్ళు ఆరేసేవారు.

సబ్బక్క తువ్వాళ్ళు తీసి పక్క కిటికీకి వేసింది. బిళ్ళ తీసింది. బస్సెక్కి స్టీరింగుకు తగిలించింది. మెట్లు దిగి బస్సు పక్కన నిలబడింది.

"నిజంగానే ఆపేశావా?" అన్నాడు ఆ బస్సు డ్రైవరు. కొత్త యూనిఫాం ఇస్త్రీ నలగకుండా చేతులు ఎడంగా పెట్టుకుని ఉన్నాడు. "సబ్బక్కా, నా పెళ్ళికి కూడా ఇంత తయారవలేదు కదా!"

ఎవరూ నవ్వలేదు. అందరూ మేస్త్రి వైపు చూశారు. ఆయన డీజిలు వరస వైపు వెళ్ళిపోయాడు.

పథకం ఇంజనీరమ్మ పరుగున వచ్చింది. చిన్నపిల్ల, ఉద్యోగంలో చేరి ఎన్నాళ్ళో కాలేదు. మీటరు పెట్టి చూసింది. మీటరు పలకలేదు. మళ్ళీ పెట్టింది. అప్పుడే బయట కార్లు ఆగిన చప్పుడు.

"సబ్బక్కా, సరిగ్గానే చూశారా?" ఆ అమ్మాయి మొహం పాలిపోయింది.

"చూశానమ్మా. గాలికి మీ మీటరుకు అందడం లేదు. కూర్చోండి, చూపిస్తా."

పెద్దాఫీసరు జుట్టు నెరిసిన మనిషి. వెంట నలుగురైదుగురు. డిపో మేనేజరు చేతులు నలుపుకుంటూ, "చిన్న పొరపాటండీ, బిళ్ళ తీయించేస్తాం, పెద్దావిడ కంగారుపడింది," అంటున్నాడు. ఇంజనీరమ్మ ముందుకు వచ్చింది.

"తీసేది నేను సార్. ఇంకా తీయలేదు," అంది, కాస్త ఎక్కువ గట్టిగా.

పెద్దాఫీసరు సబ్బక్కను చూశాడు. "ఎంతసేపు చూడాలమ్మా?"

"పాలు కాగినంతసేపు."

ఆయన ప్యాంటు మోకాళ్ళ దగ్గర పైకి లాక్కుని గొంతుక్కూర్చున్నాడు. వెనకున్నవాళ్ళు కూర్చోవాలో నిలబడాలో తెలియక సగం వంగారు. సబ్బక్క నట్టు తుడిచి, నురగ అద్దింది. ఒకాయన ఫోను మోగితే నొక్కేశాడు. ఒకాయన వాచీ చూసుకున్నాడు. నురగ నురగలాగే ఉంది. మేనేజరు నోరు తెరవబోయాడు.

"ఉండండి," అంది సబ్బక్క, అటు తిరగకుండానే.

ఆవగింజ పుట్టింది. ఉబ్బి, శనగగింజంత అయి, షెడ్డు లైటును ఒక్క క్షణం తనలో చూపించి పగిలింది.

పెద్దాఫీసరు లేవడానికి బస్సును పట్టుకున్నాడు. "ఆ పలక మీద మాట రాయించింది మా ఆఫీసే," అన్నాడు ఇంజనీరమ్మతో. "గోడకెక్కిన మాట ఎవరైనా కిందికి దించి వాడతారని నేను అనుకోలేదు." తరవాత, "బండి విప్పండి. ట్రిప్పు తప్పినట్టే రాయండి. రాయకపోతే అదొక అబద్ధం," అన్నాడు.

ఆ పూట వాళ్ళు డీజిలు బస్సులో ఊరు చూశారు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కబురు ముందే వచ్చింది. మరదలు వంటగదిలోంచే అడిగింది.

"బండి ఆపావట కదా వదినా?"

"ఆపాను."

"మన పిల్లర్లు ఇంకో వాన తడుస్తాయన్నమాట." మూకుడు గట్టిగా దించింది. ఆ చప్పుడులో తిట్టు ఉందో లేదో తేల్చుకోలేక సబ్బక్క గుమ్మం దగ్గరే నిలబడింది. తన మూల ఉన్న రేకు పెట్టె వైపు చూసింది. సర్దితే ఒక సంచిలో పట్టే బతుకు.

"రేపెక్కడైనా గది చూసుకుంటానే," అంది.

"చూసుకో. దొరికేదాకా ఆ ఆరిన బట్టలు మడతపెట్టు." మరదలు కంచంలో అన్నం పెట్టి ముందుకు తోసింది. "ఆయన ఇంకా రాలేదు. వచ్చినా మాట్లాడడు. ముందు తిను. కోపం ఆయనది, ఆకలి నీది."

సబ్బక్క తింది. బట్టలన్నీ మడతపెట్టింది. తమ్ముడి చొక్కాలు ఎప్పటిలాగే కాలరు పైకి వచ్చేలా పెట్టింది. రేపు పొద్దున అదే వేళకు వెళ్ళాలి. బండిని మళ్ళీ అదే జాయింటు దగ్గర చూడాలి. పొమ్మంటే పోతుంది గానీ, నురగ అద్దకుండా మాత్రం వదలదు. అలా అనుకున్నాక నిద్ర పట్టింది.

పొద్దున షెడ్డుకు వెళ్ళేసరికి జాయింటు మార్చి ఉంది. మేస్త్రి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మూడో బస్సు వెనక, ఆవిడ రోజూ కూర్చునే చోట, ఒక ఇనప పీట ఉంది. పాత డీజిలు బస్సు సీటు చట్రం కోసి అతికించినది. అతుకుల దగ్గర నల్లదనం ఇంకా పోలేదు.

"నేల తడిగా ఉంటుంది," అన్నాడు మేస్త్రి, స్పానరు వెతుక్కుంటున్నట్టు కిందికి చూస్తూ.

ఆవిడ కూర్చుంది. పీట ఎడమవైపు కిందికి వాలి ఉంది. తన ఎడమ మోకాలు పూర్తిగా మడవదని ఆవిడ ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా. కాలు చాపుకుంది. సరిగ్గా సరిపోయింది.

"బాగుంది మేస్త్రిగారూ," అంది.

పథకం వాళ్ళు కార్ఖానా ఇస్తామనలేదు, ఇవ్వబోమనీ అనలేదు. గడువు ఇంకో ఆరు నెలలు పొడిగించారు. సబ్బక్క రోజూ వచ్చింది, నురగ అద్దింది, చూసింది. ఇంకో రెండుసార్లు బిళ్ళ తగిలించింది. ఒకసారి పక్క బండి మెకానిక్కే తగిలించాడు. కొక్కేనికి ఇక ఎవరూ తువ్వాళ్ళు వెయ్యలేదు.

చలి మొదలైన రోజుల్లో ఒక తెల్లవారుజామున మరదలు లేపబోతే ఆవిడ లేవలేదు. దుప్పటి నలగలేదు. నిద్రలోనే, ఎవరినీ లేపకుండా వెళ్ళిపోయింది. ఆ రోజు కూడా మేస్త్రి ఆవిణ్ణి సాగనంపి, బస్సులు తిరిగొచ్చే వేళకు షెడ్డుకు వచ్చి, నాలుగు బస్సులకూ తనే నురగ అద్ది, ఒక్కో నట్టు దగ్గరా చాలాసేపు కూర్చున్నాడు.

కార్ఖానాకు పునాది ఆ తరవాత తవ్వారు. ఇప్పుడు కుంచె పట్టుకునే అమ్మాయి పొడుగ్గా ఉంటుంది, నిలబడే చూస్తుంది. పీట మాత్రం మూడో బస్సు వెనకే, ఎడమవైపు కాస్త వాలి ఉంటుంది. కడిగేవాళ్ళు దాన్ని ఎత్తి, కింద నేల కడిగి, మళ్ళీ అదే వాలున పెడతారు.