చుక్క పక్కన స్టార్

ఉతికిన బట్టల కుప్పలోంచి సాక్సులు ఏరి జతలు కలుపుతున్నాను. చారలున్నవి మా ఆయనవి, మడమ దగ్గర చిరిగినవి నావి. కంప్యూటర్‌కి నేను నేర్పాల్సిందీ ఇలాంటి ఏరుడే. వెతికేది ఎలా ఉంటుందో దాని రూపం చెబితే చాలు, ఎన్ని మాటల్లోంచైనా ఏరి ఇస్తుంది. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అంటారు. శనివారం పొద్దున దాని మీదే పరీక్ష. గట్టెక్కితే ఏళ్లుగా చేస్తున్న టైపింగ్ వదిలి ప్రోగ్రామింగ్ టీంలోకి వెళ్తాను. తప్పితే మళ్లీ పిలుస్తారన్న ఆశ లేదు. ఇంటి నుంచే రాయొచ్చన్నారు. అదే నా కొంప ముంచింది.

"ఎలాగూ ఇంట్లోనే ఉంటావుగా" అన్నారు మా ఆయన, అదే శనివారం మా ఆడపడుచు వాళ్లని భోజనానికి పిలిచి. నన్ను అడగలేదు, చెప్పారంతే. పరీక్ష ఉందంటే, మధ్యలో కాసేపు లేచి వంట చూసుకోలేవా అన్నారు. కూర్చుని చేసే పనికి అంత అలసటేమిటో అని అత్తగారు ఆశ్చర్యపోయారు. పాపం, ఆవిడ జన్మలో కూర్చున్నది తక్కువ. కూర్చోవడమంటేనే విశ్రాంతనుకుంటారు.

ఈ మధ్యాహ్నం ఆఫీసులో ఒక అభ్యాసం ఎంతకీ కుదరలేదు. ఒక వాక్యంలో కొటేషన్ గుర్తుల మధ్య ఉన్న మాటల్ని విడివిడిగా పట్టుకోవాలి. చుక్క అంటే ఏ అక్షరమైనా, దాని పక్కన స్టార్ పెడితే ఎన్నైనా అని చదివాను కదా, రెండు గుర్తుల నడుమ ఆ రెండూ పెట్టాను. మొదటి మాట దగ్గర పట్టుకుని, మధ్యలో ఉన్నదంతా కలుపుకుని, చివరి మాట దాకా ఒకే ముద్దగా లాక్కొచ్చింది. పాఠం చెప్పే అమ్మాయి చూసి నవ్వింది.

"స్టార్ ఒట్టి ఆశపోతక్కా. దొరికినంతా మింగుతుంది. ఎక్కడ ఆగాలో మీరు చెప్పలేదుగా. దాని పక్కన ఒక క్వశ్చన్ మార్కు పెట్టండి, మొదట వచ్చిన గుర్తు దగ్గరే ఆగిపోతుంది."

పెట్టాను. ఆగింది. అలగలేదు, నీకేమైందీమధ్య అని అడగలేదు, వాళ్లమ్మతో చెప్పుకోలేదు. ఆపడం ఇంత తేలికా అని నాకు ఏడుపొచ్చింది. మెత్తనివాళ్లని చూస్తే మొత్తబుద్ధవుతుందని మా అమ్మ అనేది. అంటూనే తనూ మెత్తగానే బతికి పోయింది. నా పొద్దులు, నా సెలవులు, జ్వరం వచ్చిన రోజులు కూడా, "ఉంటావుగా" అన్న ఒక్క మాటతో ముద్దగా పోయాయి. ఒళ్లు అలిసింది సరే, మనసు కూడా అలిసిపోయింది.

మా ఆయన వచ్చి కుర్చీలో కూర్చుని, శనివారానికి కూరలేం తేవాలని అడిగారు. నా చేతిలో సాక్సు అలాగే ఉంది.

"శనివారం పది నుంచి ఒంటిగంట దాకా నేను లేను."

"ఎక్కడికెళ్తున్నావు?"

"ఎక్కడికీ వెళ్లను. పక్క గదిలోనే ఉంటాను."

మరి వంటో అన్నారు. కలపని సాక్సుల కుప్ప ఆయన ఒళ్లో పెట్టి లేచాను. ఆ గది తలుపుకి లోపలి గడియ ఉంది. ఎన్నడూ వేసుకోక బిగుసుకుపోయింది. వెళ్లి దానికి నూనె వేశాను.